అత్తవారి రాష్ట్రం

మా అమ్మమ్మని ఎవరైనా "మీదే ఊరమ్మా?" అని అడిగితే ఒక్క మాటలో జవాబు వచ్చేది కాదు. "పుట్టిల్లు వేమూరు, మెట్టిల్లు అమృతలూరు" అనేది. అదే ప్రశ్న తాతయ్యని అడిగితే "అమృతలూరు" అని ఊరుకునేవారు. ఆడవాళ్ళకి రెండు ఊళ్ళుండడం గొప్పే కదా అనుకునేదాన్ని చిన్నప్పుడు. రెండు ఊళ్ళున్న మనిషికి ఏ ఊరూ తన పేరు మీద ఉండకపోవచ్చని, ఆ సంగతి ఒక ఫీజుల పట్టికలో ఎదురవుతుందని, 1998లో అమెరికాలో ఒక యూనివర్సిటీ కౌంటరు ముందు నిలబడేదాకా నాకు తెలియదు.

గుంటూరులో ఎం.ఏ. చరిత్ర చదివి, రెండేళ్ళు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి, పెళ్ళయ్యాక ఆయనతో వెళ్ళాను. ఆయనది హెచ్-1బి వీసా. నాది హెచ్-4. అంటే ఆయన మీద ఆధారపడిన మనిషినని చెప్పే వీసా. ఉద్యోగం చెయ్యకూడదు, చదువుకోవచ్చు. మేమున్న ఊరు నది ఒడ్డున. నదికి ఇవతల ఒక రాష్ట్రం, అవతల ఇంకో రాష్ట్రం. యూనివర్సిటీ అవతలి ఒడ్డున. వంతెన మీదుగా బస్సులో పావుగంట. కానీ అవతలి రాష్ట్రం వాళ్ళు కట్టే ఫీజుకి బయటి రాష్ట్రాల వాళ్ళది దాదాపు మూడు రెట్లు. ఒక్క వెసులుబాటు ఉంది. నదికి ఇవతల ఉన్న కొన్ని కౌంటీల వాళ్ళని కూడా స్థానికుల కింద లెక్కేసి తక్కువ ఫీజు తీసుకుంటారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. మా కౌంటీ ఆ జాబితాలో ఉంది.

నేనక్కడే ఉంటున్నానని రుజువు అడిగారు. అద్దె ఒప్పందం ఆయన పేరు మీద. కరెంటు బిల్లు ఆయన పేరు మీద. పన్నుల కాగితం ఆయనది. కారు ఆయనది. నా పేరుతో ఉన్నది ఊరి లైబ్రరీ వాళ్ళిచ్చిన కార్డు ఒక్కటే. దాన్ని చూసి కౌంటర్లో ఉన్న పెద్దావిడ నవ్వింది. ఎగతాళిగా కాదు, మంచిగానే. "మీ ఆయన కాగితాలు, మీ పెళ్ళి సర్టిఫికెట్టు తీసుకురండి. ఆయన స్థానికుడైతే మీరూ స్థానికులే" అంది. మర్నాడు అవే తీసుకెళ్ళాను. పని అయిపోయింది. ఫోనులో చెబితే అమ్మ, "పెళ్ళయ్యాక అదేగా నీ ఊరు, ఇందులో వింతేముందే?" అంది. నాకూ అప్పుడు వింతగా అనిపించలేదు. తక్కువ ఫీజు వచ్చింది కదా!

ఏడాది తిరక్కుండానే ఆయనకి వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చింది. నా చదువు సగంలో ఉంది. నేను అదే ఊళ్ళో ఇద్దరు అమ్మాయిలతో కలిసి చిన్న ఫ్లాటు తీసుకుని ఉండిపోయాను. ఈసారి అద్దె ఒప్పందంలో నా పేరు కూడా ఉంది. అదే బస్సు, అదే వంతెన. కానీ తర్వాతి సెమిస్టరుకి యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. మీ భర్త ఈ కౌంటీలో ఉండడం లేదు కాబట్టి మీరు ఇకనుంచి స్థానికేతరులు, దానికి తగ్గ ఫీజు కట్టండి అని. నేను ఉన్నచోట నుంచి ఒక్క అడుగు కదల్లేదు. కదిలింది ఆయన. మారింది నా ఊరు.

ఆ సెమిస్టరు ఎక్కువ ఫీజే కట్టాను. స్త్రీల అధ్యయనాల క్లాసు చెప్పే టీచరుకి ఆ ఉత్తరం చూపిస్తే, "దీనికో చరిత్ర ఉంది, చదువు" అని న్యాయశాస్త్రం లైబ్రరీకి పంపింది. అక్కడ చదివినవీ, ఆ తర్వాత ఇన్నేళ్ళలో పోగుచేసుకున్నవీ కలిపి రాస్తున్న వ్యాసం ఇది.

ముందు అసలు ఈ ఫీజుల తేడా ఎందుకో చెప్పుకోవాలి. అమెరికాలో ప్రభుత్వ యూనివర్సిటీలు నడిపేది ప్రధానంగా రాష్ట్రాలు. రాష్ట్ర ప్రజలు పన్నులు కడతారు, ఆ డబ్బుతో కాలేజీలు నడుస్తాయి, అందుకని వాళ్ళ పిల్లలకి తక్కువ ఫీజు. బయటినుంచి వచ్చినవాళ్ళు ఆ పన్నులు కట్టలేదు కాబట్టి ఎక్కువ ఇవ్వాలి. కోర్టులు ఈ వాదాన్ని చాలాకాలంగా ఒప్పుకుంటూ వచ్చాయి. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1922లోనే స్థానికేతరుల నుంచి ఎక్కువ ఫీజు తీసుకోవడం తప్పు కాదంది. ఏడాదిపాటు రాష్ట్రంలో నివాసం ఉన్నాకే తక్కువ ఫీజు అన్న మిన్నెసోటా నిబంధనని 1970లో ఫెడరల్ కోర్టు సమర్థించింది. మరుసటేడు సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది.

పైకి చూస్తే ఇందులో ఆడా మగా ప్రసక్తే లేదు. పన్నులు కట్టినవాళ్ళు, కట్టనివాళ్ళు, అంతే. కానీ "స్థానికుడు" అనడానికి అక్కడి చట్టం వాడే మాట డొమిసైల్. అంటే ఇప్పుడు ఎక్కడ ఉంటున్నాం అన్నది మాత్రమే కాదు, దేన్ని మన శాశ్వతమైన ఇల్లుగా ఎంచుకున్నాం అన్నది. ఎంచుకోవడం అన్న మాట వచ్చాక ఎవరికి ఆ హక్కుంది అన్న ప్రశ్న రాక తప్పదు. అక్కడే స్త్రీల కథ మొదలవుతుంది.

ఇంగ్లండు నుంచి అమెరికాకి వలస వెళ్ళిన చట్టాల్లో కవర్చర్ అని ఒక సూత్రం ఉండేది. పెళ్ళితో భార్యాభర్తలు చట్టం దృష్టిలో ఒకే మనిషి అవుతారు, ఆ ఒక్క మనిషీ భర్త. భార్య ఆస్తి, ఒప్పందాలు, సంపాదన అన్నీ ఆయన నీడలోకి వెళ్ళిపోతాయి. పందొమ్మిదో శతాబ్దంలో స్త్రీలు పోరాడి ఆస్తి విషయంలో ఈ సూత్రాన్ని ముక్కలు ముక్కలుగా విరగ్గొట్టారు. కానీ ఒక ముక్క చాలాకాలం అలాగే మిగిలిపోయింది. అదే డొమిసైల్. పుట్టగానే ఆడపిల్లది తండ్రి డొమిసైల్. పెళ్ళయిన క్షణాన భర్తది. మధ్యలో తనకంటూ ఒకటి ఎంచుకునే వ్యవధి పెళ్ళికాకుండా ఉన్న నాలుగు రోజులే. వేమూరు నుంచి అమృతలూరికి వెళ్ళిన మా అమ్మమ్మకీ ఈ న్యాయసూత్రానికీ ఏ పరిచయమూ లేదు. ఇద్దరూ చెప్పేది మాత్రం ఒకటే.

ఇది ఊళ్ళతో, రాష్ట్రాలతో ఆగలేదు. 1907లో అమెరికా తెచ్చిన ఒక చట్టం ప్రకారం విదేశీయుణ్ణి పెళ్ళి చేసుకున్న అమెరికన్ స్త్రీ తన పౌరసత్వాన్నే పోగొట్టుకునేది. ఓటుహక్కు వచ్చిన రెండేళ్ళకి, 1922లో, కేబుల్ చట్టంతో ఇది చాలావరకు మారింది. కానీ అందులో ఒక మెలిక పెట్టారు. అమెరికా పౌరసత్వానికి "అనర్హులైన" జాతుల మగవాళ్ళని చేసుకుంటే మాత్రం పోతుంది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు ఆ అనర్హుల్లోకే వస్తారని తేల్చింది. గదర్ ఉద్యమంతో సంబంధం ఉన్న తారక్‌నాథ్ దాస్‌ని పెళ్ళిచేసుకున్న మేరీ దాస్ అనే అమెరికన్ స్త్రీ తను పుట్టిన దేశంలోనే పౌరసత్వం లేనిదయింది. ఆ మెలికని 1931లో తీసేశారు. జాతి వివక్షా పితృస్వామ్యమూ ఒకే కాగితం మీద సంతకం పెడితే ఎలా ఉంటుందో చూడడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇప్పుడు ఫీజుల దగ్గరికి వద్దాం. 1966లో అయోవా రాష్ట్రంలో ఒక కేసు నడిచింది. వేసింది ఒక మగ విద్యార్థి. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చి, అయోవా అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. అక్కడి యూనివర్సిటీ నిబంధన ప్రకారం బయటినుంచి వచ్చిన స్త్రీ అయోవా మగవాణ్ణి చేసుకుంటే స్థానికురాలు కావచ్చు. బయటినుంచి వచ్చిన మగవాడు అయోవా స్త్రీని చేసుకుంటే మాత్రం స్థానికుడు కాడు. ఇది వివక్ష కాదా అని అడిగాడు. సహేతుకమే అంది కోర్టు. భార్య డొమిసైల్ భర్తని అనుసరిస్తుంది కాబట్టి నిబంధన కూడా అలాగే ఉందంది. ఇది క్లార్క్ వర్సెస్ రెడేకర్ కేసు. పైపైన చూస్తే ఆ నిబంధన ఆడవాళ్ళకి లాభం. నా మొదటి ఏడాది ఫీజులాగే. కోడలిగా వచ్చినామెకి తక్కువ ఫీజు ఇచ్చారు కదా, ఇంకేం కావాలి? కానీ ఆ లాభానికి ఇంకో వైపు ఉంది. అయోవాలో పుట్టి పెరిగిన ఆ భార్య స్థానికత ఆమె భర్తకి ఒక్క డాలరు కూడా తగ్గించలేకపోయింది. ఆమె ఊరు ఎవరికీ ఇవ్వడానికి వీల్లేని ఊరు. అలాంటిది ఆమె సొంతమని ఎలా అనగలం?

1970ల మొదట్లో గాలి మారింది. 1971లో రీడ్ వర్సెస్ రీడ్ కేసులో, చనిపోయిన బిడ్డ ఆస్తి వ్యవహారాలు చూడడానికి తల్లికంటే తండ్రికే ప్రాధాన్యం అన్న చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. 1972లో విద్యాసంస్థల్లో లింగవివక్షని నిషేధించే టైటిల్ నైన్ వచ్చింది. 1973 మేలో ఫ్రాంటియెరో కేసు తీర్పు వచ్చింది. సైన్యంలో పనిచేసే మగవాడి భార్యని ఏ రుజువూ అడక్కుండా ఆధారితురాలిగా ఒప్పుకుంటూ, సైన్యంలో పనిచేసే స్త్రీ భర్త విషయంలో మాత్రం రుజువులు అడగడం కుదరదంది ఆ తీర్పు. ఈ కేసులో వాదించినవాళ్ళలో రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ ఒకరు. ఆవిడే తర్వాత అదే కోర్టులో న్యాయమూర్తి అయ్యారు.

ఆ తర్వాత నెల తిరక్కుండానే, 1973 జూన్ 11న, ఫీజుల మీదే ఒక తీర్పు వచ్చింది. వ్లాండిస్ వర్సెస్ క్లైన్. కేసు వేసింది ఇద్దరు విద్యార్థినులు. వాళ్ళలో మార్గరెట్ క్లైన్ కాలిఫోర్నియా మనిషి. కనెక్టికట్‌లో పుట్టి పెరిగిన అతనితో పెళ్ళి కుదిరింది. అక్కడే స్థిరపడదామనుకుని కాలిఫోర్నియా నుంచే కనెక్టికట్ యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టింది. సీటిస్తూ, నిన్ను స్థానికురాలిగానే చూస్తామన్నారు. 1971 జూన్‌లో పెళ్ళయింది, కాపురానికి వచ్చింది. డ్రైవింగ్ లైసెన్సు, కారు రిజిస్ట్రేషను, ఓటు అన్నీ కనెక్టికట్‌కి మార్చుకుంది. ఈలోగా రాష్ట్రం కొత్త చట్టం తెచ్చింది. పెళ్ళయిన విద్యార్థి దరఖాస్తు పెట్టేనాటికి చిరునామా బయటి రాష్ట్రంలో ఉంటే, చదువు పూర్తయ్యేదాకా ఆ మనిషి స్థానికేతరురాలే. తర్వాత ఏ రుజువు చూపించినా లాభం లేదు. మొదటి సెమిస్టరుకి ఆమె 150 డాలర్ల ట్యూషను, 200 డాలర్ల స్థానికేతర రుసుము కట్టింది. స్థానికులకి అప్పుడు ట్యూషనే లేదు. రెండో సెమిస్టరుకి స్థానికులకి 175 డాలర్లు పెట్టారు. ఆమెకి 425, పైన ఇంకో 200.

సుప్రీంకోర్టు ఆమె పక్షాన నిలిచింది. స్థానికులకి, స్థానికేతరులకి వేర్వేరు ఫీజులు పెట్టుకోవచ్చు, స్థానికత రుజువు చెయ్యమని గట్టిగానే అడగొచ్చు. కానీ ఒక మనిషి గురించి ముందే ఒక ఊహ చేసేసి, దాన్ని కాదని చెప్పుకునే అవకాశమే ఇవ్వకపోవడం న్యాయం కాదంది. ఆ తీర్పులో స్త్రీ అన్న మాట మీద చర్చ లేదు. ఆ చట్టం ఆడా మగా ఇద్దరికీ ఒకటే. అయినా నాకిది స్త్రీల తీర్పులాగే కనిపిస్తుంది. "నీ గురించి మేము అనుకున్నదే నిజం, నువ్వు చెప్పేది వినం" అన్న మాట ఎక్కువగా వినేది ఎవరో మనకి తెలుసు కదా.

అసలు ముడిని తాకింది మాత్రం ఆ మరుసటేడు పెన్సిల్వేనియా కేసు. అక్కడి పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ, మరికొన్ని యూనివర్సిటీలు భార్యది భర్త డొమిసైలే అన్న పాత సూత్రాన్నే ఫీజులకి వాడేవి. పెన్సిల్వేనియాలోనే ఉంటున్న స్త్రీ అయినా, భర్త స్థానికేతరుడైతే ఆమెకీ స్థానికేతర ఫీజే. ఇల్లు కదలకపోయినా, ఊరు మారకపోయినా, మూడు ముళ్ళూ పడితే చాలు, ఫీజు పెరిగిపోతుంది. 1974లో శామ్యూల్ వర్సెస్ యూనివర్సిటీ ఆఫ్ పిట్స్‌బర్గ్ కేసులో ఫెడరల్ కోర్టు ఈ నిబంధన రాజ్యాంగం ఇచ్చిన సమాన రక్షణకి విరుద్ధమంది. మగవాడి ఇల్లు అతనే చెప్పుకోగలిగినప్పుడు ఆడమనిషి ఇల్లు ఆమె ఎందుకు చెప్పుకోకూడదు?

కానీ అప్పటికే ఎక్కువ ఫీజు కట్టేసిన ఆడవాళ్ళ సంగతేమిటి? ఆ డబ్బు తిరిగివ్వాలా వద్దా అన్న గొడవ అప్పీలు కోర్టు దాకా వెళ్ళింది. ఒక్కొక్కరి డొమిసైలూ విడివిడిగా తేల్చాలి కాబట్టి అందరి తరపునా ఒకే దావా నడపడం కుదరదంది కింది కోర్టు. 1976లో అప్పీలు కోర్టు ఆ మాట ఒప్పుకోలేదు. ఇది చిన్న విషయం కాదు. ఒక్కొక్కరూ విడివిడిగా తిరగాల్సివస్తే ఎంతమంది కోర్టు మెట్లెక్కగలరు? నేను కట్టిన ఎక్కువ ఫీజు నాకు తిరిగి రాలేదు. అప్పీలు పెట్టుకుంటే, అద్దె ఒప్పందంలో నా పేరు చూసి, తర్వాతి సెమిస్టరు నుంచి మాత్రం తగ్గించారు. అయిపోయినదాని గురించి మాట్లాడొద్దన్నారు. నేనూ మాట్లాడలేదు. ఇప్పుడు తలుచుకుంటే మాట్లాడాల్సిందనిపిస్తుంది.

ఇక్కడొక సంగతి గమనించాలి. ఈ కేసులు నడుస్తున్న రోజుల్లోనే రాష్ట్రాలు తమ మధ్య గీతలని తామే చెరిపేసుకుంటున్నాయి. న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాలు 1957లోనే, తమ దగ్గర లేని కోర్సుల కోసం పొరుగు రాష్ట్రానికి వెళ్ళే విద్యార్థులకి ఫీజు తగ్గించే ఏర్పాటు చేసుకున్నాయి. మిన్నెసోటా, విస్కాన్సిన్ 1960ల చివర్లో ఒకరి పిల్లల్ని ఇంకొకరు తక్కువ ఫీజుతో చేర్చుకోవడం మొదలుపెట్టాయి. దక్షిణాది రాష్ట్రాల ఉమ్మడి ఏర్పాటు 1974లో వచ్చింది. 1980ల చివరికి పడమటి రాష్ట్రాలు, పొరుగు విద్యార్థుల నుంచి స్థానిక ఫీజుకి ఒకటిన్నర రెట్లు మించి తీసుకోకుండా ఒక పద్ధతి పెట్టుకున్నాయి. నది అవతల కౌంటీలకి నేను చదివిన యూనివర్సిటీ ఇచ్చిన వెసులుబాటు కూడా ఈ కోవలోదే. అంటే సరిహద్దు దేవుడు గీసిన గీత కాదు. ఇచ్చిపుచ్చుకోవడానికి ఇష్టపడితే రెండు ప్రభుత్వాలు కూర్చుని దాన్ని తేలిగ్గా చెరిపెయ్యగలవు. రెండు రాష్ట్రాల మధ్య గీతని చెరపడం 1957లోనే సాధ్యమైంది. పెన్సిల్వేనియాలో ఒకే ఇంట్లో భార్యాభర్తల మధ్య ఉన్న గీతని చెరపడానికి 1974లో కోర్టుకెళ్ళాల్సి వచ్చింది.

మరి 1974లో పోయిన సూత్రం నా ఉత్తరంలోకి ఎలా వచ్చింది? భార్యగా కాదు, "ఆధారితురాలి"గా వచ్చింది. చట్టంలో ఆ మాటకి ఆడా మగా తేడా లేదు. భార్య హెచ్-1బి మీద వస్తే భర్త కూడా హెచ్-4 అవుతాడు. కానీ మా తెలుగువాళ్ళ అపార్ట్‌మెంట్లలో ఆ వీసా మీద ఉన్నవాళ్ళందరూ ఇంజనీరింగులూ పీజీలూ చేసిన ఆడవాళ్ళే. పాత సూత్రం తలుపులోంచి వెళ్ళిపోయి కిటికీలోంచి తిరిగొచ్చింది. వీసా మీద ఉన్నవాళ్ళు అసలు డొమిసైల్ ఏర్పరచుకోగలరా అన్న ప్రశ్న 1982లో టోల్ వర్సెస్ మొరెనో కేసులో వచ్చింది. ప్రపంచ బ్యాంకులాంటి అంతర్జాతీయ సంస్థల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు జి-4 వీసా మీద మేరీలాండ్‌లో ఉండేవాళ్ళు. వాళ్ళకి స్థానిక ఫీజు నిరాకరించడం చెల్లదంది సుప్రీంకోర్టు. ఫెడరల్ ప్రభుత్వం స్థిరపడొచ్చన్న మనిషిని వీసా పేరు చెప్పి రాష్ట్రం పరాయి చెయ్యడం కుదరదంది. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో హెచ్-4 మీద ఉన్న పిల్లలకి స్థానిక ఫీజు దొరుకుతోంది. కానీ ఇరవై ఒకటో ఏడు నిండగానే ఆ పిల్లలు ఆధారితుల లెక్కలోంచి పోతారు. విద్యార్థి వీసాకి మారితే, అప్పటిదాకా స్థానికులైనవాళ్ళు చాలాచోట్ల అంతర్జాతీయ విద్యార్థులైపోతారు. చిన్నప్పట్నుంచీ అదే ఊళ్ళో, అదే బళ్ళో చదివిన పిల్లలు. భార్యల సంగతికొస్తే, 2015 నుంచి హెచ్-4 మీద ఉన్న కొంతమందికి ఉద్యోగం చేసే అనుమతి వచ్చింది. అది కూడా భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఏ మెట్టు మీద ఉందన్నదాన్నిబట్టే.

మనదేశం సంగతి వేరేగా ఉందా? 1925 నాటి భారత వారసత్వ చట్టంలో 15, 16 సెక్షన్లు పెళ్ళితో స్త్రీకి భర్త డొమిసైల్ వస్తుందని, కాపురం సాగినంతకాలం అదే ఉంటుందని చెబుతాయి. ఆ భాగం హిందువులకి, ముస్లింలకి వర్తించదు గానీ దాని వెనకున్న ఆలోచన అందరిదీ. హైదరాబాదు సంస్థానంలో ఉద్యోగాల కోసం పెట్టిన ముల్కీ నిబంధనల్లో ముల్కీ ఎవరన్న జాబితాలో "ముల్కీ భార్య" ఉంది. జమ్మూ కాశ్మీరులో శాశ్వత నివాస సర్టిఫికెట్టు అమ్మాయిలకి ఇచ్చేటప్పుడు పెళ్ళయ్యేవరకే చెల్లుతుందని రాసేవాళ్ళు. బయటివాణ్ణి చేసుకున్నంతమాత్రాన ఆ హోదా పోదని అక్కడి హైకోర్టు 2002లో చెప్పింది. ఆ హోదాతోనే ఉద్యోగాలు, కాలేజీ సీట్లు ముడిపడి ఉండేవి.

అచ్చంగా ఫీజు కేసే ఒకటి మనకీ ఉంది. ఇండోరు మెడికల్ కాలేజీలో మధ్యభారత్ వాసులకి కాపిటేషన్ ఫీజు లేదు. బయటివాళ్ళలో నామినీలైతే ఏడాదికి 1,300 రూపాయలు, మిగతావాళ్ళు 1,500 కట్టాలి. 1955లో డి.పి. జోషీ కేసులో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. అక్కడ వాసి అంటే ముఖ్యంగా పుట్టుకతో వచ్చిన డొమిసైల్ ఉన్నవాళ్ళు, లేదా డొమిసైల్ సంపాదించుకుని అయిదేళ్ళు నివాసం ఉన్నవాళ్ళు. పుట్టుకతో వచ్చేది తండ్రిది కదా!

ఈ చరిత్రంతా చదివాక మన 1974 రాష్ట్రపతి ఉత్తర్వుని మళ్ళీ చూస్తే నాకు ఆశ్చర్యమేసింది. ఆంధ్రప్రదేశ్ విద్యాసంస్థల్లో ప్రవేశాల కోసం వచ్చిన ఈ ఉత్తర్వు మీద మనకి ఎన్ని తగాదాలున్నా, అందులో లోకల్ ఎవరన్న లెక్క మొదలయ్యేది విద్యార్థి చదివిన ఏళ్ళతో. అర్హత పరీక్ష దాకా వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. తండ్రిదే ఊరు, భర్తదే ఊరు అని మొదట అడగదు. మిగిలిన పదిహేను శాతం సీట్లకి ఎవరు అర్హులో చెప్పే నిబంధనల్లో కూడా ప్రభుత్వోద్యోగుల "భార్యలు" అనలేదు, భార్యగానీ భర్తగానీ అని అర్థమొచ్చే మాటే వాడారు. మన దగ్గర తేడా ఫీజులో కంటే సీటులోనే ఎక్కువ. అయినా ఆడపిల్ల ఊరిని ఆమె బడితో కొలవొచ్చని ఒప్పుకున్న కాగితం ఇది.

దీనికీ మరో వైపు ఉంది. ఖమ్మం, కోదాడ వైపు నుంచి ఇంటరుకి విజయవాడ పంపించిన పిల్లలు సొంత రాష్ట్రంలో నాన్‌లోకల్ అయిపోవచ్చు. ఎక్కడ చదవాలో నిర్ణయించేది పదిహేనేళ్ళ పిల్ల కాదు కదా. రాష్ట్రం విడిపోయాక 2014లో తెలంగాణ ప్రభుత్వం ఫీజుల సహాయానికి 1956 నవంబరు 1కి ముందునుంచీ కుటుంబం ఇక్కడ ఉండాలన్న షరతు పెట్టింది. అంటే కొలత మళ్ళీ బడి నుంచి వంశానికి జరిగింది. 2015లో ఆ ఉత్తర్వుని వెనక్కి తీసుకుంది. ఉమ్మడి ప్రవేశాల పదేళ్ళ గడువు 2024 జూన్‌తో ముగిశాక, వైద్యవిద్య సీట్లకి ఇంటరు దాకా వరసగా నాలుగేళ్ళు రాష్ట్రంలోనే చదవాలన్న నిబంధన మళ్ళీ వివాదమైంది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. బదిలీల ఉద్యోగాలున్న తల్లిదండ్రుల పిల్లలకి కొంత మినహాయింపు దొరికింది. ఆ మినహాయింపు అవసరమే. కానీ ఉద్యోగం బదిలీ అయి వెళ్ళిన తండ్రి పిల్లకి సర్టిఫికెట్టు ఉంటుంది. తాగుడుకో తన్నులకో తాళలేక పిల్లల్ని తీసుకుని సరిహద్దు దాటి పుట్టింటికి చేరిన తల్లికి ఏ ఆఫీసు బదిలీ ఉత్తర్వు ఇస్తుంది? ఆమె కూతురు లోకలో నాన్‌లోకలో ఎవరు తేలుస్తారు?

అన్నిటికీ మూలం ఆ పన్నుల వాదంలోనే ఉందనిపిస్తుంది. రాష్ట్రానికి ఎవరు ఏమిచ్చారో చూసి స్థానికత ఇస్తాం అన్నప్పుడు, ఇచ్చినట్టు కనిపించేది జీతం, పన్ను, ఆస్తి. వండిపెట్టడం, పిల్లల్ని పెంచడం, ముసలివాళ్ళని చూసుకోవడం ఏ ఊరి ఖాతాలోనూ జమ కావు. అందుకే కాగితాల మీద ఆడవాళ్ళు ఎక్కడా నివసించనట్టు ఉంటారు. ఉన్నచోటే ఇరవయ్యేళ్ళున్నా రుజువు ఉండదు.

ఇప్పుడు హైదరాబాదులో నా దగ్గర చదువుకుని విదేశాలకి వెళ్ళే అమ్మాయిలు అడ్మిషన్లు, వీసాల గురించి సలహా అడుగుతుంటారు. పెళ్ళి చేసుకుని వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. అద్దె ఒప్పందంలో నీ పేరు రాయించుకో, కరెంటు బిల్లో ఫోను బిల్లో ఒకటి నీ పేరు మీద పెట్టించుకో. "అదేంటి మేడం, ఆయన మీద నమ్మకం లేనట్టు ఉంటుంది కదా" అంటుంది ఒకమ్మాయి. నమ్మకం సంగతి కాదమ్మా, రేపెప్పుడైనా నీ ఊరేదని ఎవరైనా అడిగితే నువ్వే జవాబు చెప్పుకోవాలి కదా అంటాను. ఆ లైబ్రరీ కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. గడువు ఎప్పుడో తీరిపోయింది. దాని మీద నా పేరు, దాని కింద ఆ ఊరి పేరు, రెండే ఉన్నాయి.